సంబల్ సుమార్ని ఎవరి పేరు?

నల్ల జాకెట్ ఇంకా వదల్లేదు!

ఇండోనేషియాలోని సురబయ నగరం, నడిరోడ్డు. సాయంత్రం నాలుగున్నర. స్కూటర్ వెనక కూర్చున్న సుమార్ని మళ్ళీ తిరిగి చూస్తుంది.

అదే బండి... అదే మనిషి.

వాడు కంపెనీ మనిషేనని, సంచి లాక్కోవడానికే వస్తున్నాడని అంటాడు దార్సోనో, బండి నడుపుతూ. సుమార్నికి పిన్ని కొడుకు. ఆమె ఆర్డర్ల ఫోన్ చూసేది అతనే.

సంచి హ్యాండిల్ కింద కొక్కేనికి వేలాడుతోంది. అందులో పదేళ్ల నాటి లేబుళ్లు, బిల్లులు. ఆమె మిరప పచ్చడి అమ్మే ఆన్‌లైన్ ఖాతా పేరు 'సంబల్ సుమార్ని'. తన సొంత పేరు! దాన్నే ఓ కంపెనీ ట్రేడ్‌మార్క్ చేయించుకుని, ఖాతా మాదంటోంది. ఐదింటికి విచారణ. ఈ కాగితాలు చూపించకపోతే పేరు పోతుంది... పదేళ్లుగా కొంటున్నవాళ్లంతా పోతారు.

దార్సోనో చటుక్కున సందులోకి తిప్పుతాడు.

తిప్పి, ఇంజన్ ఆపి, దిగుతాడు!

ఈ సందుల్లో ఇంజన్ ఆపి, బండి నెట్టుకుంటూ నడవాల్సిందేనని మొదట్లోనే బోర్డు. ప్రాణం మీదికొచ్చినా సరే. గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్లు ఊరుకోరు.

వెనక నల్ల జాకెట్ కూడా దిగి నెడుతున్నాడు. పారిపోవడమూ నడకే... తరమడమూ నడకే. సుమార్నికి ఒళ్లు మండుతుంది.

పదడుగులు... ఐదు...

"అమ్మా, నేను నోటరీ ఆఫీసు గుమాస్తాని," అంటాడు నల్ల జాకెట్ రొప్పుతూ. "ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఇతనే ఎత్తాడు. మీరు స్టాంపు మీద సంతకం పెట్టిచ్చిన తెల్లకాగితం..."

హలాల్ సర్టిఫికెట్ కోసమని రంజాన్ నెలలో దార్సోనో తీసుకున్నది! మళ్ళీ మళ్ళీ తిరగక్కర్లేదని ఇక్కడ అందరూ అలాగే ఇచ్చేస్తారు.

"పేరు కంపెనీకి రాసిచ్చినట్టు దానిమీద టైప్ చేసింది నేనే. ఇతని జేబులోనే ఉంది."

సుమార్ని తమ్ముడి వైపు చూస్తుంది. అతను చూడడు.

తాళం తిప్పుతాడు!

సందంతా ఇంజన్ మోత. తలుపులన్నీ తెరుచుకుంటాయి. చీపురుతో ఒకామె, గరిటెతో ఒకామె... చంకలో పిల్లతో ఇంకొకామె బండికి అడ్డంగా!

"ఆపరా ఇంజన్. బోర్డు కనబళ్లా?"

బండి కదలదు.

సుమార్ని సంచి తీసుకుంటుంది. అతని జేబులో చెయ్యి పెడుతుంది. ఇందరి ముందు అతనేం చేయగలడు?

కాగితం. స్టాంపు మీదుగా తన సంతకం. ఏడుపొస్తుంది.

"తమ్ముడివని పెట్టాన్రా," అంటుంది.

గుమాస్తా వైపు తిరుగుతుంది. "ఇదీ చూపిద్దాం. టైప్ చేసింది మీరేనని అక్కడ చెప్తారా?"

ఉద్యోగం పోతుందని అతనికి తెలుసు... తలూపుతాడు.

విచారణకి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. సందు దాటేదాకా గుమాస్తా బండిని ఇద్దరూ కలిసి నెడతారు.