పది నిమిషాల గంట

“తుపాకీ పట్టుకున్న శత్రువుని పసిగట్టొచ్చు. దీన్నెలా పసిగడతావ్?”

సెక్షన్ సెవెన్ చీఫ్ బల్ల మీదికి విసిరిన వస్తువుని ఏజెంట్ పార్థసారథి చేతిలోకి తీసుకున్నాడు. మామూలు ఫ్లాపీ. లేబుల్ మీద గుండ్రటి చేతిరాత. ‘శ్రుతి, వెర్షన్ 1. ఉచితం. ఎవరికైనా కాపీ చేసి ఇవ్వొచ్చు. నచ్చితే ఒక ఉత్తరం రాయండి. బి. రజనీకుమారి, రిసాలి, భిలాయి.’

“పాట సాధన చేసేవాళ్ళకి కంప్యూటర్‌లో శ్రుతి వినిపించి, ఎంతసేపు పాడారో లెక్కపెట్టే ప్రోగ్రామ్,” అన్నాడు చీఫ్. “ఈ ఏడాది మనం పట్టుకున్న ముగ్గురు విదేశీ గూఢచారుల దగ్గరా ఇదే ఉంది. ముగ్గురిలో ఒక్కడికీ సరిగమలు రావు.”

“ఆ అమ్మాయి?”

“ముఠా మనిషో, అమాయకురాలో నువ్వు తేల్చు. ముఠా మనిషైతే పద్నాలుగేళ్ళు జైలు. వాళ్ళ టార్గెట్ రిసాలిలోనే ఉన్న శివనాథ్ మెటల్ ల్యాబ్. జలాంతర్గాముల ఉక్కు ఫార్ములా అక్కడి కంప్యూటర్‌లో ఉంది. ముఠా లోపల మన మనిషి భాగ్యరేఖ. కలిసినప్పుడు కోడ్ మాట గ్యాస్ బండి. నీ వేషం పోస్ట్‌మన్.”

“పోస్ట్‌మనా?”

“ఆ వీధిలో ఎవరూ అనుమానించని మగాడు అతనొక్కడే.”

అది 1996 జూలై. పార్థసారథికి ఖాకీ బట్టలు, అంటించుకునే మీసం, పెన్నులో కెమెరా, సైకిల్ బెల్లులో ట్రాన్స్‌మిటర్ ఇచ్చారు. రెయిన్‌కోటు ఇవ్వడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

మొదటిరోజు తడిసి ముద్దై వెళ్ళేసరికే ఆ అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళుంటాయి.

“ఏటైనా ఉందా భయ్యా?”

“లేదు దీదీ.”

రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. “లేదు” అని చెప్పడం ఇంత కష్టమైన పని అని సెక్షన్ సెవెన్ ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

నాలుగురోజుల్లో ఫైలు తయారైంది. తండ్రి బంగార్రాజు ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటాడు. ఆయన నిద్ర చెడకుండా ఆమె కంప్యూటర్ స్పీకర్ మీద దిండు అదిమి, దానికి చెవి ఆనించి తన శ్రుతి తనే వింటుంది. ఆర్నెల్ల కోర్సులో నేర్చుకున్న ప్రోగ్రామింగ్. కోర్సు చెప్పినవాళ్ళు పక్కన పడేసిన పాత 386 మిషన్. స్నేహితురాళ్ళు పెళ్ళిళ్ళై రాయపూర్, నాగపూర్ వెళ్ళిపోయారు. క్యాంప్ 2 తెలుగు సంఘం వాళ్ళు హార్మోనియం ఉండగా ఈ కీచుగొట్టం ఎందుకని నవ్వారు. నూట ఇరవై ఫ్లాపీలు పంచితే ఉత్తరాలు రాసింది ఒక్క మనిషి. విజయనగరం సంగీతం టీచర్ సూర్యావతి.

ఐదోరోజు ఆ టీచర్ ఉత్తరం వచ్చింది. పార్థసారథి దాన్ని ఆవిరిలో విప్పి చదివాడు. ‘చెల్లీ, నీ శ్రుతి పెట్టుకుని పాడితే పక్కన ఎవరో కూర్చున్నట్టుంటుంది. నువ్వు పంపిన సోర్స్ కోడ్ అందింది.’

సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్‌ని మార్చుకునే తాళంచెవి! ఆ ఒక్క మాట చాలు, పిల్ల జైలుకి వెళ్ళడానికి. కవరు మళ్ళీ అంటించి ఆమె చేతికిచ్చాడు. ఆమె గేటు దగ్గరే చదివింది, అక్కడే మళ్ళీ చదివింది. అతనికి ఈర్ష్య కలిగింది. అతనికి ఉత్తరం రాసేవాళ్ళు లేరు. ఉన్నా, ఏ పేరుకి రాయాలో వాళ్ళకి తెలియదు.

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర. రిసాలి టీ కొట్టు ముందు ఎర్ర మారుతి ఆగింది. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, టీ కొట్టువాడు పాలు పొంగించేసుకునేంత అందం.

“గ్యాస్ బండి వచ్చిందా?” అడిగింది భాగ్యరేఖ.

“వచ్చింది. మన సిలిండర్ పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళారు.”

“విను. ల్యాబ్‌లో గురునాథరావు అని కెమిస్ట్. నాటకాల్లో పద్యాలు పాడతాడు. రోజూ లంచ్‌లో గంటసేపు సాధన. ముఠా అతనికి కొత్త శ్రుతి ఫ్లాపీ అందించింది. ఇప్పుడే మొదలుపెట్టాడు. ప్రోగ్రామ్‌లో గంట పూర్తవగానే మోడెమ్ దానంతటదే ఫోన్ చేసి ఫార్ములాని సరిహద్దు దాటిస్తుంది.”

“అంటే ఒకటిన్నరకి. చేయనిద్దాం. ఒంటిగంటకి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో మనవాళ్ళు కూర్చుంటారు. నంబర్ పట్టుకుని లైన్ కోసేస్తారు.”

“అందుకే ఇప్పుడు చెప్పాను.”

“సోర్స్ కోడ్ ఆ అమ్మాయే అమ్మిందా?”

“అడిగితే ఇచ్చింది. ముఠా నాచేత రాయించిన ఉత్తరాలు. సూర్యావతి నేనే.”

కారు వెళ్ళిపోయింది. చేతిలో గంట టైముంది. ఒక వాంగ్మూలం తీసుకోవచ్చనుకుని పార్థసారథి సైకిల్ ఎక్కాడు.

పన్నెండూ ముప్పై ఆరు. ఆమె నవ్వుతూ ఎదురొచ్చింది. అతను మీసం పీకి జేబులో పెట్టుకుని, ఐడెంటిటీ కార్డు చూపించి, రెండు ముక్కల్లో విషయం చెప్పాడు. సూర్యావతి సంగతి మాత్రం చెప్పలేకపోయాడు.

“ల్యాబ్‌లో మిషన్ ఏటి?” ఆమె ముఖం పాలిపోయింది.

“కొత్త పెంటియం. ఏం?”

“అరె భగవాన్! గంట కాదు భయ్యా. పది నిమిషాలే!”

“ఏమిటి?”

“సెకను లెక్కకి ఖాళీ లూపు పెట్టేను. నా మిషన్ పది లక్షలు లెక్కపెడితే ఒక సెకను. నాన్న వాచీ పట్టుకుని చూసేను. నా దగ్గరున్నది ఇదొక్కటే కదా, వేరే మిషన్ మీద ఎక్కడ చూస్తాను? పెంటియం దీనికి ఆరు రెట్లు పరిగెడద్ది.”

ముఠా మిషన్ కూడా ఆమెదంత పాతదే కాబోలు, వాళ్ళకీ ఈ సంగతి తెలియలేదు. పార్థసారథి బెల్లు నొక్కి ట్రాన్స్‌మిటర్‌లో అరిచాడు. ఎక్స్ఛేంజ్‌కి మనుషులింకా చేరలేదని జవాబొచ్చింది. ల్యాబ్ ఫోన్ లంచ్‌లో ఎవరూ ఎత్తరు.

“ఎలా ఆపాలి? ఎస్కేప్ కీ నొక్కితే?”

“ఎస్కేప్ ఇంకా పెట్టలేదు. వెర్షన్ టూలో పెడదామనుకున్నాను.”

“ఎక్కు!”

పోస్ట్‌మన్ సైకిల్ వెనకాల బంగార్రాజు కూతురు వెళ్ళడం రిసాలి వీధంతా చూసింది. జోగమ్మగారు ఆరేస్తున్న చీర వదిలేసి మరీ చూసింది.

ల్యాబ్‌లో గురునాథరావు కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి, రాగం తీస్తున్నాడు. స్పీకర్‌లో సా పా సా పరుగెడుతోంది. దాన్ని అందుకోలేక ఆయన రొప్పుతున్నాడు.

“ఆపండి!”

“పద్యం మధ్యల ఆపమంటావేటి బాబూ! కొత్త వెర్షన్, కూసింత హుషారుగున్నాది.”

స్క్రీన్ మీద సాధన సమయం యాభై తొమ్మిది నిమిషాల పది సెకన్లు. ఇరవై. ముప్పై. కంప్యూటర్ ప్లగ్గు తాళం వేసిన పెట్టెలో ఉంది. యాభై. పార్థసారథి పెన్ను తీశాడు. దాంట్లో కెమెరా ఉంది, కత్తి లేదు. మోడెమ్ దీపం వెలిగింది. నంబర్ తిప్పుతున్న చప్పుడు.

రజనీకుమారి బల్ల కిందికి దూరి, గోడకున్న టెలిఫోన్ తీగని రెండు చేతులా పట్టుకుని లాగింది. సున్నం పెళ్ళతో సహా ఊడొచ్చింది.

‘శభాష్! గంట సాధన పూర్తయింది,’ అంది స్క్రీన్.

“గంటయిపోనాదా?” గురునాథరావు ఆశ్చర్యపోయాడు. “ఆకలే ఎయ్యనేదు.”

ఎక్స్ఛేంజ్ వాళ్ళకి దొరకని నంబర్ ఆ ఫ్లాపీలోంచి రజనీకుమారే తీసింది. తన కోడ్‌లో పరాయి చెయ్యి ఎక్కడ పడిందో తల్లి పిల్లాడి ఒళ్ళు తడిమినట్టు వెతికింది. నంబర్ చేతికొచ్చాక వారం రోజులు దేశమంతా అరెస్టులు జరిగాయి.

చివరిరోజు సాయంత్రం భాగ్యరేఖ పార్థసారథితో కలిసి రజనీకుమారి ఇంటికి వచ్చి, సూర్యావతి తనేనన్న నిజం చెప్పింది. అలా చెప్పాలని రూలేమీ లేదు. రజనీకుమారి దాచుకున్న ఉత్తరాలు తెచ్చి ముందు పెట్టింది.

“పక్కన ఎవరో కూర్చున్నట్టుంటుంది అన్నారు కదా దీదీ. అదైనా నిజమేనా?”

“నేను వినలేదమ్మా. ముఠా మాకిచ్చిన కంప్యూటర్‌కి స్పీకర్ లేదు.”

ఆమె తలూపింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది పార్థసారథికి. నేను విన్నాను, నాలుగురోజులు నీ కిటికీ పక్కన సైకిల్ ఆపి దిండు కింది శ్రుతి విన్నాను, నాకూ పక్కన ఎవరో ఉన్నట్టే అనిపించింది అని చెప్పాలనుకున్నాడు. ఏజెంట్లు అలాంటివి చెప్పకూడదు. చెప్పలేదు.

అప్పుడు చీఫ్ లోపలికొచ్చాడు. చేతిలో లిస్టు, ముఖంలో ఎప్పుడూ లేని మర్యాద.

“మొత్తం నలభై మూడు మంది దొరికారమ్మా. ప్రతివాడి దగ్గరా నీ ప్రోగ్రామ్ ఉంది. ప్రభుత్వం నీకు రుణపడి ఉంది. ఏం కావాలో అడుగు.”

“నలభై మూడు మందా?”

ఆ వారంలో మొదటిసారి ఆమె ముఖంలోకి వెలుగొచ్చింది. గబగబా లోపలికి వెళ్ళి నోట్‌బుక్కూ పెన్నూ తెచ్చుకుంది.

“వాళ్ళందరి దగ్గరా తప్పు గంట ఉండిపోయింది కదా సార్. వెర్షన్ టూ పంపాలి. ఎవరెవరు ఏ జైల్లో ఉన్నారో అడ్రసులు చెప్పండి.”