చలిగది లాగిన్

నల్లపాడు దాటాక ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలది మహారాజభోగం. బయట రోళ్లు పగిలే ఎండ, లోపల బస్తాలకి చల్లటి గది. ఆదివారం కావడంతో హమాలీలంతా చర్చికి వెళ్లారు. గది తలుపుకి ఫోన్ లాగిన్‌తో తెరుచుకునే తాళం బిగించడానికి గుంటూరు హాస్టల్ నుంచి వచ్చిన ఆరాధన ఒక్కతే మిగిలింది. ఒంటరితనం ఆ పిల్లకి కొత్త కాదు. తిన్నావా అని ఫోన్ చేసి అడిగే దిక్కు కూడా లేదు.

"మేం యూజర్లం కాదమ్మా, హమాలీలం. అదే రాయి," అన్నాడు మేస్త్రీ ఆదాం, వెళ్తూ వెళ్తూ. ఆమె ముచ్చటపడి తన కోడ్‌లో యూజర్ అన్న పేరు తీసేసి హమాలీ అని పెట్టింది. లాగిన్‌ని సరిచూసే లైబ్రరీ, అంటే అరువు తెచ్చుకున్న రెడీమేడ్ కోడ్ మాత్రం, యూజర్ అన్న పేరే వెతికేలా ఎవరో ఎక్కడో రాసింది. మన హమాలీల సంగతి దానికేం తెలుసు?

లోపలినుంచి తెరుచుకుంటుందో లేదో చూద్దామని లాప్‌టాప్ పట్టుకుని గదిలోకి వెళ్లింది. వెనక తలుపు దభీమని మూసుకుంది. లోపలి గడియ నిన్ననే తనే పీకించేసింది. ఫోన్‌లో లాగిన్ నొక్కింది. 'యూజర్ అనే మోడల్ లేదు' అంది తెర. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.

ఏ పేరు పెట్టినా ఒప్పుకునేలా ఆ లైబ్రరీని మార్చాలి. లేకపోతే ఇక్కడే. ఆ మందపు గోడల మధ్య ఫోన్‌కి సిగ్నల్ కూడా లేదు. బిగుసుకుపోయినా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు లేరు.

చీకటి. బస్తాల వరసలు. గొంతులో గుచ్చే మిరప ఘాటు. ఎక్కడో నీటిచుక్క... మళ్లీ చుక్క. వేళ్లు కొంకర్లు పోతున్నా టైపు చేస్తూనే ఉంది.

వరసల వెనక ఎవరో దగ్గారు.

"ఎవరూ...?"

"నన్నూ రాయమ్మా." ఆడగొంతు. మరీ దగ్గరగా.

"ఏ... ఏ పేరుతో?"

"నాకు పేరెక్కడిదీ... నీదే ఇవ్వు."

ఆరాధన వెనక్కి తిరగలేదు. "తీసుకో," అంది ఏడుస్తూ. మార్పు సేవ్ చేసి మళ్లీ నొక్కింది. తాళం టక్కుమంది.

బతుకుజీవుడా అని ఎండలోకి వచ్చి గోడకి చేరబడింది. అంతలో ప్రార్థన ముగించుకుని ఆదాం వచ్చాడు. బార్లా తెరిచి ఉన్న తలుపు మూయబోతూ చీకట్లోకి కేకేశాడు. జవాబు రాకపోతేనే తలుపు వెయ్యడం అక్కడి హమాలీల పద్ధతి.

"లోపల ఎవరన్నా ఉండిపోయారా?"

"ఉన్నానండీ, ఆదాంగారూ..."

ఆరాధన గొంతు. లోపలినుంచి.

ఎండలో నిలబడ్డ ఆరాధన నోరు తెరిచింది. మాట పెగల్లేదు.

ఆదాం ఆమె వైపు తిరిగాడు. ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

"ఎవరమ్మా నువ్వు? మా ఆరాధనమ్మ లోపల చిక్కుకుపోయింది. నే వెళ్లి తీసుకొస్తా, కాస్త తలుపు పట్టుకో."

ఆరాధన తలుపు పట్టుకుంది.