మడత విప్పని పేపరు

జ్ఞానప్రకాశం మేస్టారికి తెల్లారేసరికి పేపరు రావాలి, పక్కన కాఫీ ఉండాలి. రెంటిలో ఏది ఆలస్యమైనా ఆయన భార్య దీనమ్మగారికి ఆ పూట గండమే. పేపరు రాగానే లోపలుండే చిన్న పేపర్ని, అదే జిల్లా వార్తల పేపర్ని, తీసి మూలకి విసిరేసేవారు. కొసావోలో ఎన్ని బాంబులు పడ్డాయో ఆయనకి కావాలి గానీ, ఊళ్ళో సంగతులు అక్కర్లేదు.

"ఎవరి గేదె తప్పిపోయిందో నాకెందుకే?" అనేవారు భార్యతో.

పక్కింటి తలుపులమ్మకి మాత్రం ఆ చిన్న పేపరే ముఖ్యం. పాపం, చదువు రాదు. ఎండలు ముదిరాయంటే చాలు, రోజూ పిట్టగోడ మీంచి తల పెట్టేది.

"మేస్టారండీ, కాలువ ఎప్పుడు కట్టేస్తారో రాశారాండి?"

ఏటా వేసవిలో నీళ్ళు ఆపేసి గోదావరి కాలువలు కట్టేస్తారు. ఆలోగానే వీధి జనమంతా కలిసి చెరువులోకి నీళ్ళొచ్చే తూముకి అడ్డంపడ్డ గుర్రపుడెక్క మొక్కలు లాగేసి, మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. లేకపోతే మళ్ళీ కాలువ వదిలేదాకా గుక్కెడు నీళ్ళకి కటకటే.

"ఏం రాయలేదమ్మా," అనేవారు మేస్టారు, తలెత్తకుండానే.

"మేస్టారు చూశారంట, ఇంకా టైముందంట," అని తలుపులమ్మ వీధంతా చెప్పొచ్చేది.

ఆ ఏడు గోదాట్లో నీళ్ళు తగ్గి కాలువలు ముందే కట్టేశారు. పంచాయతీవాళ్ళు కూడా ఎప్పటి తారీఖే అనుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. చెరువులో మోకాల్లోతు నీళ్ళయినా లేవు. గవర్నమెంటుని మేస్టారు కూడా నలుగురిలో గట్టిగానే తిట్టారు.

తలుపులమ్మ కోడలు నాగదుర్గకి ఆరో నెల. పక్కూరి బోరు దగ్గర నీళ్ళు పట్టుకుని వస్తూ, ఎండకి కళ్ళు తిరిగి బిందెతో సహా పడిపోయింది. ఆటోలో వేసుకుని తణుకు ఆసుపత్రికి పరిగెత్తారు.

ఆ సాయంత్రం దీనమ్మగారు అలమర అరల్లో పరుద్దామని మూలనున్న చిన్న పేపర్లు తీశారు. ఒకటి విప్పి చూసి అలాగే నిలబడిపోయారు.

"ఏమండీ, కాలువలు ముందే కట్టేస్తాం, చెరువులు నింపుకోండి అని ఇంతింత అక్షరాలతో వేశారు కదండీ!"

"ఏదీ? ఏ తారీఖుది?"

"తారీఖు సంగతి తర్వాత. దీని మడతైనా విప్పలేదు మీరు. మరి తలుపులమ్మకి ఏమీ రాయలేదని ఎలా చెప్పారు?"

"రోజూ అదే ప్రశ్నాయె. విసుగొచ్చి ఏదో..."

"విసుగొచ్చిందా! అబద్ధసాక్ష్యం పలకొద్దని సండేస్కూల్లో పిల్లలకి మీరేగా చెప్తారు? ఆ పిల్ల కడుపులో బిడ్డకేమైనా అయితే ఏ మొహం పెట్టుకుని వెళ్తారండీ వాళ్ళింటికి?"

పెద్ద పేపర్లో ఎన్ని దేశాల సంగతులు చదివి ఏం లాభం, గోడ అవతల మనిషికి ఒక్క నిజం చెప్పలేకపోయాను కదా అని మేస్టారు కుమిలిపోయారు.

మర్నాడు నీళ్ళ ట్యాంకరొచ్చింది. వీధంతా బిందెల కొట్లాట. మేస్టారు కూడా బిందె పట్టుకెళ్ళారు. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన తలుపులమ్మ ఆయన్ని చూసి గొంతెత్తింది.

"జరగండెహె! ముందు మేస్టారి బిందె పెట్టనివ్వండి. మనకోసం రోజూ పేపరు చూసే మనిషి!"

మేస్టారి కళ్ళు చెమర్చాయి. "కోడలెలా ఉందమ్మా?" అన్నారు.

"ఇద్దరికీ పర్లేదన్నారండి. గండం గడిచింది."

"తలుపులమ్మా, కాలువ సంగతి ముందే రాశారమ్మా. నేనే చూళ్ళేదు. చూడకుండానే రాయలేదని చెప్పేశాను."

బిందెల దగ్గరున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. తలుపులమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"రోజూ అంతేనాండి?"

"రోజూ అంతే."

తలుపులమ్మ ఆయన బిందె తీసుకెళ్ళి వరసలో అందరికన్నా చివర పెట్టింది. వెనక్కొచ్చి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"రేపూ అడుగుతానండి. నాకు చదువు రాదు కదా, మిమ్మల్ని కాక ఇంకెవర్ని అడగను?"

తిట్టినా బాగుండేది అనిపించింది మేస్టారికి. ఒంటిపూట బడి అవగానే ఎర్రటెండలో మండలాఫీసుకి వెళ్ళారు. రోజూ ట్యాంకరు పంపిస్తామని ఒప్పుకునేదాకా ఆఫీసరు ఎదురుగా బెంచీ మీదే కూర్చున్నారు.

మర్నాడు పేపరొచ్చింది. పిట్టగోడ మీంచి తల కనిపించింది.

"మేస్టారండీ, మన ఊరి సంగతేమైనా రాశారాండి?"

ఆయన పెద్ద పేపరు పక్కన పెట్టేశారు. చిన్న పేపరు చేతిలోకి తీసుకుని మడత విప్పారు.

"ఉండమ్మా," అన్నారు. "చూసి చెప్తాను."