చేతికిచ్చిన బిడ్డ

ఎనభై అయిదు నాటి కరువు. శెనక్కాయ చెట్లు ఊడ దిగకముందే మాడిపోయినాయి. చేలో పనేముంది గనక, మంగళవాడ వెంకటక్క మొగుడు సంజీవప్ప చేత బండి కట్టించుకొని చెల్లెలి అత్తగారి హట్టికి, ఆ గొర్రెల కాపర్ల పల్లెకు బయలుదేరింది. చెల్లెలు ఓబక్కకు కానుపై వారం దాటింది. బిడ్డకు జ్వరం, గుక్క తిప్పుకోనివ్వని దగ్గు. ఎట్లైనా వాణ్ణి పావగడ ఆసుపత్రికి చేర్చి బతికించుకోవాలని ఆమె పంతం.

హట్టి వాళ్ల సంగతే వేరు. ఒకప్పుడు గొర్రెల వెంట తిరిగిన జనం. సేద్యంలోకి దిగినా పాత కట్టుబాటు వదల్లేదు. కరెంటు కంబాలు వస్తే వద్దని తిప్పి పంపినారు. చెప్పులు పొలిమేరలోనే విడవాలి. బాలింత, బిడ్డ హట్టి బయట బోదగడ్డి గుడిసెలో ఉండాల్సిందే. ఆమెకు ఏదిచ్చినా, ఆమె ఏదిచ్చినా నేల మీద పెట్టి వెనక్కి జరగాలి. చెయ్యీ చెయ్యీ తగలకూడదు.

"పసిగుడ్డును బయట పారేసేదేం కట్టమ్మా, వీళ్ల కట్టు పాడుగాను!" దారి పొడవునా తిట్టుకుంటూనే వచ్చింది వెంకటక్క.

పొలిమేరలో ఓబక్క మామ దొడ్డయ్య ఎదురొచ్చినాడు.

"తీసుకపో తల్లీ, నేను అడ్డం పడను. బిడ్డను మాత్రం నేల మీద నుంచే ఎత్తుకో. చేతికిస్తే తీసుకోవద్దు."

"ఏం మామా, మైలంటుకుంటుందా నాకు?"

"మైల గురించి కాదమ్మా..." అని ముసలాయన మాట మింగేసినాడు.

పొద్దు గుంకుతోంది. బాలింత గుడిసె నుంచి వాము పొగ రావాలి. రాలేదు. తడిమట్టి వాసన వచ్చింది. ఆ కరువులో తడిమట్టి యాడిది?

"ఓబా..."

"ఊఁ."

ముసుగేసుకున్న మనిషి గుమ్మం దాకా వచ్చింది. చేతులు చాపింది. చేతుల్లో బిడ్డ. బిడ్డ దగ్గినాడు. వెంకటక్క ముసలాయన మాట మరిచి చేతుల్లోకే అందుకుంది. తగిలిన వేళ్లు చల్లగా ఉన్నాయి.

"నువ్వూ రావే, బండి ఉండాది."

ముసుగు మనిషి వెనక్కి, గుడిసె చీకట్లోకి జరిగింది.

"ఎవురితో మాట్లాడతాండావక్కా?"

వెనక నుంచి... ఓబక్క. చేతిలో చెంబు. "బిడ్డ లోపల నిద్రపోతాండాడు. ఆ చేతుల్లో ఏంది?"

అప్పుడు తట్టింది వెంకటక్కకు. రెండేళ్లుగా ఈ హట్టిలో కాపురం చేస్తున్న చెల్లెలు చచ్చినా బిడ్డను చేతికివ్వదు.

లోపల బిడ్డ ఏడ్చినాడు. చేతుల్లో బిడ్డా ఏడ్చినాడు. ఒకే గొంతు.

వెంకటక్క చేతిలోని బిడ్డను నేల మీదికి దింపింది. ఓబక్క లోపలికి ఉరికి, ఇంకో బిడ్డను తెచ్చి పక్కనే పడుకోబెట్టింది. గుడిసెలో ఇంకెవరూ లేరు. అవే చీర గుడ్డలు. అదే దిష్టి చుక్క.

"నీ బిడ్డ ఏదే? అది మార్చి పెట్టిందేమో, చూసి చెప్పవే!"

"తెల్దక్కా... దేవుడా... తెల్దు."

కట్టు దాటి దగ్గరకు రాలేక, దూరం నుంచే అరిచినాడు దొడ్డయ్య. "పాలియ్యమ్మా! రొమ్ము పట్టినోడే మన బిడ్డ. రెండోదాన్ని తాకొద్దు. తిరిగి చూడకుండా పోండి!"

ఓబక్క ఇద్దరికీ రొమ్మిచ్చి చూసింది. ఒక బిడ్డ లటుక్కున పట్టుకున్నాడు. రెండో బిడ్డ దగ్గుతూనే ఉన్నాడు. ఆ దగ్గు వింటూనే, రొమ్ము పట్టినోణ్ణి ఎత్తుకొని అక్కాచెల్లెళ్లు బండి దాకా పరుగెత్తినారు.

బండి రోడ్డెక్కింది. "రెండు దినాలుగా రొమ్ము ముట్టలేదక్కా వీడు. ఇప్పుడు చూడు, ఎట్ల తాగుతాండాడో!" ఏడుస్తూనే నవ్వింది ఓబక్క.

కొంచెం దూరం పోయినాక నవ్వు ఆగింది.

"అక్కా..."

"ఏందే?"

"పాలు లాగుతాండాడు... ఊపిరి మాత్రం తగలడం లేదు."

వెంకటక్క ఆ చిన్న ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పెట్టిన వేలు తియ్యలేదు. ఇంకా చూసింది...

"బండి తిప్పయ్యా!" గొంతు చించుకుని అరిచింది. "మన బిడ్డ ఆడనే ఉండాడు! తిప్పు!"

సంజీవప్ప ఎద్దుల పగ్గాలు లాగినాడు. ఓబక్క మెల్లగా, ఎవురికీ చెప్పుకోలేని మాటలాగా, అక్క చెవిలో అంది.

"వీడు రొమ్ము వదలడం లేదక్కా."