నల్ల తెర మీద పన్నెండో వరుస

"పన్నెండింటికి నీ మరదలు మేరేయని ప్రాణం పోతుంది," అంది తోరికా మేడమ్. "ఇప్పుడు పదకొండుంపావు. కూర్చో."

ఇలియసా కూర్చోలేదు. మూడు నెలలుగా ఫిజీలోని సువా రేవులో కొబ్బరిబోండాలు అమ్మే వేషంలో తిరుగుతున్న గూఢచారి అతను. నడుముకి సులు అనే లుంగీ, చిరుగుల చొక్కా, బోండాల బుట్ట అడుగున లాప్‌టాప్. వేషం ఎంత బాగా కుదిరిందంటే ఆఫీసు గుమ్మం దగ్గర కాపలావాడు రెండు బోండాలు బేరమాడి మరీ లోపలికి వదిలాడు.

"మన ఏజెంట్లు తొమ్మిది మంది అసలు పేర్లు సరిగ్గా పన్నెండింటికి మన యంత్రం నుంచే పగడం ముఠాకి చేరతాయట. వాళ్ల వైర్‌లెస్‌లో విన్నాం. ఆ ముఠావాళ్ల పడవలోనే వంటమనిషి వేషంలో ఉంది నీ మరదలు."

"యంత్రం ఆపెయ్యండి."

"ఆపితే తప్పించుకోడానికి ఏ రేవులో దిగాలో ఆ పిల్లకి ఎవరు చెప్తారు? ఆ కబురు కూడా పన్నెండింటికే, లాలీనే పంపాలి."

లాలి వాళ్ల కబుర్లు పంపే ప్రోగ్రామ్ పేరు. అందులో బొమ్మలుండవు, బొత్తాలుండవు. ఆజ్ఞ టైపు చేస్తే పని జరుగుతుంది, అంతే. ఫిజీలో లాలి అంటే ఊరందరినీ పిలిచే ఢంకా. జోకొట్టేది కాదు, జోరుగా కొట్టేది.

"పన్నెండింటికి నడవాల్సిన ఆజ్ఞల పట్టీ ఆరుగురు చూశారు," అంది మేడమ్. "పద్నాలుగు వరుసలు. పన్నెండోది ఖాళీ. పదమూడోది ఆ పిల్లకి రేవు కబురు. మిగతావీ మనవే. ఏడోవాడివి నువ్వు. సొలాంజ్ సాయం చేస్తుంది."

తలుపు దగ్గర సొలాంజ్ నవ్వింది. నూమియా నుంచి వచ్చిన మనిషి. పగడం ముఠాలో ఉంటూ రెండేళ్లుగా వీళ్లకి కబుర్లు చేరవేస్తోంది. నల్లకళ్లద్దాలు, ఎర్రగౌను, చేతిసంచిలో అత్తరు సీసా. ఆ సీసాలో అత్తరు తప్ప అన్నీ ఉంటాయని ఆఫీసులో చెప్పుకుంటారు.

"ఇలియసా డార్లింగ్, నీ తెర ఇంకా తెల్లగానే ఉందా? సిగ్గులేదూ?"

ఆఫీసంతా నవ్వింది. పోయిన వారం దాకా అక్కడ ఎవడి తెర వాడి ముచ్చట. ఒకడిది రగ్బీ జట్టు రంగు, ఒకడికి ఆజ్ఞ టైపు చేసేచోట చిన్న తాబేలు. కళ్లు పాడైపోతాయంటూ సొలాంజ్ ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని అన్నిటికీ ఒకటే థీమ్ పెట్టింది. కటిక నలుపు మీద పచ్చటి అక్షరాలు. పేరు అమావాస్య. రేవులో ఉన్న ఇలియసా ఒక్కడికే ఆ అమావాస్య అంటలేదు.

అతనిది తెల్లటి తెర, సిరానీలం అక్షరాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో నల్లతెర పట్టుకుంటే అద్దమే. గూఢచారి చూడాల్సింది శత్రువు మొహం గానీ తన మొహం కాదు కదా! మేరేయని మాత్రం ఊరుకునేది కాదు. "బావా, నీ తెర చూస్తే పళ్ల డాక్టర్ గోడ గుర్తొస్తోంది. పన్ను నొప్పి కూడా మొదలైంది," అనేది.

పదకొండూ నలభై. ఇలియసా వరండాలోకి వచ్చి ఎండలో చతికిలపడ్డాడు. ఏసీ కింద అతనికి బుర్ర పనిచెయ్యదు. లాప్‌టాప్‌ని లాలీకి కలపడానికే పావుగంట పట్టింది. పట్టీ చూపించమన్నాడు.

ఒకటి. రెండు. మూడు. అన్నీ సిరానీలం. పదకొండు.

పన్నెండో వరుస ఖాళీగా లేదు.

నీలాల మధ్య నల్లటి అక్షరాలు, చీమలబారులా. తొమ్మిది పేర్లూ ఫలానా చోటికి పంపమని ఆజ్ఞ. అక్షరానికి నల్లరంగు పూసి, వెనక నలుపు పరిస్తే ఆరుగురు కాదు, అరవైమంది చూసినా ఖాళీయే.

మరి అందరి తెరలూ నల్లబరిచింది ఎవరు?

వెనక చెప్పుల మడమల చప్పుడు. టక్. టక్.

అరిస్తే లాభం లేదు. ఆమె చేతిలో ఫోనుంది. అనుమానం వచ్చి ఒక్క మీట నొక్కిందంటే పన్నెండు దాకా ఆగక్కర్లేదు, ఆ వరుస ఇప్పుడే నడుస్తుంది. ఇలియసా వేళ్లు పరిగెత్తాయి. వెనకరంగు: నలుపు. అక్షరం రంగు: నలుపు. ఎంటర్.

తెర మాయం.

"ఏమైంది?" అత్తరు సీసా అతని మెడకి జానెడు దూరంలో ఉంది.

"మీ అమావాస్య పెట్టుకుందామనుకున్నా. చచ్చింది! ఏదీ కనబడదు!" అంటూ మీటలు దబదబా బాదాడు.

సొలాంజ్ వంగి చూసింది. కటిక చీకటి. "పాపం. బోండాలు అమ్ముకునేవాడికి ఇవన్నీ ఎందుకు?"

"ఛీ! దరిద్రపు మిషను!" తిట్టుకి ఒక మీట చొప్పున కొడుతున్నాడు. ఆమెకి కనబడేది కోపం. టైపవుతున్నది ఆజ్ఞ. పట్టీలో పన్నెండో వరుస చెరిపెయ్. పదమూడు చెరిగిందా, మేరేయనికి రేవు చెప్పేవాళ్లుండరు. పేర్లూ ముఠాకి పోతాయి. ఒకటి అంకె కొట్టాడు. రెండు కొట్టాడు. కొట్టాడా? వేలు జారి మూడు మీద పడిందా? అడగడానికి అక్షరం లేదు, చూడ్డానికి తెర లేదు. వెనక్కి చెరిపి మళ్లీ కొట్టాడు. చెమట కంట్లోకి దిగింది.

"టైమెంత?" అంది సొలాంజ్ మెత్తగా.

"మీకే తెలియాలి," అంటూ ఎంటర్ మీద గుద్దాడు.

లోపల లాలి మోగింది. పన్నెండు.

సొలాంజ్ ఫోను చూసుకుంది. ఏమీ రాలేదు. మీట నొక్కింది. రాలేదు. మళ్లీ నొక్కింది. ఆ తెల్లటి మొహం ఇంకా తెల్లబోయింది. సీసా మూత తీసేలోపు ఇలియసా విసిరిన కొబ్బరిబోండం ఆమె మణికట్టుకి తగిలింది. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన తోరికా మేడమ్, ఇలియసా రెండు ముక్కల్లో చెప్పగానే బేడీలు వేసింది.

పన్నెండుంపావుకి ఇలియసా రంగులు మార్చాడు, తెర తెల్లబడింది. దాని మీద ఒకే వరుస: రేవు దొరికింది. దిగాను. కూర మాడిపోతోంది, వాళ్లనే చూసుకోనీ.

నెల తర్వాత ఇలియసాకి ప్రభుత్వం మెచ్చుకోలు పత్రం పంపింది. రహస్యం కనక పేరు, ఊరు, చేసిన ఘనకార్యం అన్నిటి మీదా నల్లసిరా కొట్టేశారు. మిగిలింది కింద సంతకం, అదీ సగం.

మేరేయని దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"బావా, దీనికి వెనకరంగు మార్చే ఆజ్ఞ ఏమిటి?"