కొండ వెనక రేవు

“ఇంకాస్త గట్టిగా పిలవండి మామ్మా. మైకంటే భయం లేదుగా?” అంది ఇందుమతి.

“భయమేటి? ఏరు దాటించి కేకేసిన గొంతు నాది,” అంది నూకాలమ్మ.

పునరావాస కాలనీ హాల్లో గోడనిండా పాత టోపోగ్రాఫిక్ మ్యాపు. రిజర్వాయర్ కింద మునిగిన లోయ అది. ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గోధుమరంగు గీతలు కాంటూర్లు. ఒత్తుగా ఉంటే నిట్టనిలువు కొండ, ఎడంగా ఉంటే చదును. ఇందుమతి చేసిన యంత్రం ఆ గీతల్ని చదివి కంప్యూటర్లో లోయని లేపుతుంది. అక్కడ మాట దేనికి తగిలి, ఎటు తిరిగేదో లెక్కగట్టి వినిపిస్తుంది.

నూకాలమ్మ వచ్చింది లోయ కోసం కాదు. ఆ లోయలో ఏటికి అవతలి ఒడ్డున కాపురమున్న అప్ప, అంటే అక్క పోలమ్మ కోసం. ఓ పెళ్ళిలో మాటా మాటా వచ్చి ఇద్దరూ రాకపోకలు మానేశారు. అయినా నీళ్ళకెళ్ళినప్పుడల్లా ఈమె “అప్పా, రా” అని కేకేసేది. అవతలినుంచి “రా” అని వచ్చేది. నువ్వే రా అంటోంది కాబోలని బిగుసుకునేది. ఊళ్ళు మునిగాక అప్ప వేరే జిల్లాకి వెళ్ళి అక్కడే పోయింది. పిలుస్తూనే పోయిందన్న ఊరట చెల్లెలికి మిగిలింది.

“అప్పా, రా...”

స్పీకర్లు క్షణం ఆగి అన్నాయి. “రా...”

“అదిగో, మా అప్ప. ఇన్నావా?”

యంత్రం సరిగ్గా పనిచేసిన సంబరంలో ఇందుమతి చెప్పేసింది. “అది మీ గొంతే మామ్మా. ఎదుటి కొండకి తగిలి వచ్చింది. ‘అప్పా’ తిరిగొచ్చేసరికి మీరింకా ‘రా’ అంటుంటారు, అందులో కలిసిపోతుంది. చివరి ‘రా’ ఒక్కటే వినిపిస్తుంది.”

ముసలమ్మ మ్యాపు మీద ఎదుటి కొండని వేలితో చూపించింది.

“అప్ప నీళ్ళు ముంచే రేవు ఆ కొండెనకాల, ఏరు ఒంపు తిరిగిన కాడ. అక్కడికి నా కేక ఎలగినిపించీదో సెప్తాదా ఇది?”

ఇందుమతి అయిష్టంగానే మీట నొక్కి, వినే చోటుని ఆ రేవుకి మార్చింది. నూకాలమ్మ పిలిచింది. స్పీకర్లలో ఏటి హోరు తప్ప ఏమీ లేదు.

“మళ్ళీ పిలవనా?”

“ఎన్నిసార్లు పిలిచినా అంతే మామ్మా.”

“అయితే నాను పిలవలేదనుకునే పోయిందన్నమాట.”

ఇందుమతి యంత్రం ఆపబోతే నూకాలమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఆ కొండ తీసెయ్యగలవా, పాపా?”

ఆ కొండ గీతలు చెరిపేయడం క్షణం పని; ఇందుమతి చెరిపేసింది. నూకాలమ్మ మళ్ళీ పిలిచింది. ఈసారి కేక అప్ప రేవుకి స్పష్టంగా చేరింది. ఇటువైపు ఒడ్డుకి మాత్రం ఆ “రా” తిరిగి రాలేదు.