బావ నిద్రకు కాపలా

మా అక్కావాళ్ల ఇంట్లో పగలే చీకటి. ఇల్లంటే రెండు గదులే. లోపలి గది కిటికీకి బావ నల్లగుడ్డ కొట్టి, దాని మీద అట్టముక్కలు అతికించాడు. బయట వీధంతా ఎండ కళకళలాడుతూ ఉంటుంది, పిల్లలు బంతాట ఆడుతుంటారు. ఈ గదిలో మాత్రం మాసిన దుప్పటి వాసన, తలనొప్పి మందు వాసన, నిద్ర వాసన. నిద్రకీ ఒక వాసన ఉంటుందని నాకు ఆ గదిలోనే తెలిసింది.

బావ గోడౌన్ దగ్గర రాత్రి వాచ్‌మన్. రాత్రంతా ఎవరి సామానుకో ఆయన కాపలా. తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే ఆయనకి మా అక్క కాపలా. నిద్రలో ప్రాణం పోతుందేమోనని దొరగారికి భయం. మీసాలు మాత్రం మెలితిప్పే ఉంటాయి.

ఆ భయం వెనక ఒక కథ ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు అదే చెప్తాడు. గోడౌన్ ముందు గేటు దగ్గర బావ, వెనక గేటు దగ్గర ఒక ముసలాయన ఉండేవాళ్లట. నిద్రపట్టకుండా ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరు విజిల్ ఊదితే రెండోవాళ్లు తిరిగి ఊదాలి. మెలకువగా ఉన్నానని దానర్థం. ఒక రాత్రి బావ ఊదినప్పుడల్లా వెనక నుంచి జవాబు వచ్చింది. తెల్లారి టీ పట్టుకుని వెళ్తే, ముసలాయన కుర్చీలోనే కొయ్యలా బిగుసుకుపోయి ఉన్నాడు. రాత్రి మొదట్లోనే నిద్రలో పోయాడని డాక్టరు తేల్చేశాడు.

"మరి తెల్లారేదాకా నాకు జవాబు చెప్పిందెవరు?" అంటాడు బావ, కళ్లు ఇంతేసి చేసుకుని.

"ఎవరూ చెప్పుండరు. నువ్వూ గుర్రుపెట్టి ఉంటావు, కల్లో వినపడుంటుంది," అన్నాను ఒకసారి.

"చూశావా మీ చెల్లెలి నోరు?" అన్నాడు అక్కతో. "పోయానన్న సంగతి పోయినవాడికే తెలియలేదే. నాకూ అలాగే అయితే?"

అందుకని బావ విజిల్ నోట్లో పెట్టుకుని పడుకుంటాడు, పాలపీక నోట్లో పెట్టుకున్న పసివాడిలాగా. అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఇంకో విజిల్ మెల్లగా ఊదాలి. ఆయన నిద్దట్లోనే బుస్సుమని తిరిగి ఊదుతాడు. చచ్చినవాడు కూడా ఊదాడంటివి కదా, మరి ఊదితే బతికున్నట్టెలా అని అడిగాను. తల గోక్కుని, జవాబు వచ్చాక ముక్కు దగ్గర చెయ్యి కూడా పెట్టి చూడాలన్నాడు. పనికిమాలిన బుర్రకి కూడా పని కల్పించానన్నమాట. ఆ పనీ అక్క మెడకే చుట్టుకుంది.

అక్క చొక్కాలకి కాలర్లు కుడుతుంది. పగలు మిషన్ చప్పుడైతే దొరగారి నిద్ర చెడుతుందని రాత్రుళ్లు కుడుతుంది. రాత్రి మిషన్, పగలు విజిల్. మరి అక్క నిద్రపోయేదెప్పుడు? ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడే తూలి, వేడి గిన్నె మీద చెయ్యి వేసింది. మణికట్టు మీద గోళీకాయంత బొబ్బ. ఒకప్పుడు అద్దం ముందు నిలబడి పాడుకునే మా అక్క, నీడ నిలబడ్డట్టు నిలబడింది. ఇలాగే ఇంకొన్నాళ్లు సాగితే మనిషి దక్కదనిపించింది.

"ఈ పూట నేను కూర్చుంటాను. నువ్వు పడుకో," అన్నాను.

"అదా?" బావ మంచం మీదే లేచి కూర్చున్నాడు. "అది పగటి కలల మనిషి. మబ్బుల్ని చూస్తూ నన్ను చంపేస్తుంది."

"మబ్బులెక్కడున్నాయి బావా? అన్నీ అట్టముక్కలేగా. పడుకో."

అక్క నవ్వింది. ముందు గదిలో చాప వేసుకుని, చెయ్యి తలకింద పెట్టుకుంది. "ఎవరు పిలిచినా నన్ను లేపకే," అంది. అంటూనే నిద్రలోకి జారిపోయింది.

రెండు గదులకీ మధ్య కర్రకి వేలాడేసిన గుడ్డ తెర. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఊదాను. బుస్సుమంది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. వెచ్చగా, రోతగా తగిలింది. ఉన్నాడు. ఇలాంటివాళ్లు ఎక్కడికీ పోరు.

కాసేపటికి నా మనసు వీధిలోకి వెళ్లిపోయింది. రోజూ సైకిల్ మీద పాడుకుంటూ పోయే అబ్బాయి గుర్తొచ్చాడు. ఊదుతూనే ఉన్నాను. జవాబు వస్తూనే ఉంది.

వీధిలో పిల్లల గోల ఎప్పుడు ఆగిందో తెలియదు. గదిలో చల్లదనం... చలికాలపు నేల మీద పాదం పెట్టినట్టు. మళ్లీ ఊదాను.

జవాబు వచ్చింది. కానీ జొల్లు నిండిన బుస కాదు. సన్నగా... తీగలాగా... నున్నగా.

పాదానికేదో తగిలింది. వంగి తీశాను. తడిగా ఉంది.

బావ విజిల్.

బావ నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. ఒక విజిల్ నా ఎడం చేతిలో. ఇంకోటి కుడి చేతిలో. మరి ఊదిందెవరు?

పెదాలు ఆరిపోయాయి. అయినా ఊదాను. ఎందుకు ఊదానో ఇప్పటికీ తెలియదు.

వచ్చింది... తెర అవతల నుంచి.

తెర తీశాను. అక్క పడుకున్నది పడుకున్నట్టే ఉంది. పెదాలు మూసుకునే ఉన్నాయి. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను.

ఏమీ తగల్లేదు.

"అక్కా..." గుసగుసగా పిలిచాను. భుజం కుదిపాను. చల్లగా ఉంది. "అక్కా... లే అక్కా..."

లోపల్నుంచి మంచం కిర్రుమంది. "ఏమే, ఏమైంది?" బావ గొంతు. "నాకేమైంది?"

నాకట! దుప్పటి ఒంటికి చుట్టుకుని, తెర దగ్గర నిలబడి, తన ముక్కు దగ్గర తనే చెయ్యి పెట్టుకుని చూసుకుంటున్నాడు.

అప్పుడు అక్క కళ్లు తెరిచింది.

"ఆఁ," అంది.

ఆవలించలేదు. ఒళ్లు విరుచుకోలేదు. లేచి, చాప చుట్టి, మిషన్ ముందు కూర్చుంది.

అక్కకి ఇప్పుడు అలసటే లేదు. నిద్ర రావడం లేదే, బాగానే ఉందే అంటుంది. రాత్రంతా కుడుతుంది. పగలంతా స్టూలు మీద కూర్చుంటుంది. తూలదు, వాలదు. బావ హాయిగా బలిశాడు. "మీ అక్క ఎంత మారిందో చూడు. ఇప్పుడు నాకు ఏ భయమూ లేదు," అంటాడు. ముసలాయన కథ గుర్తుందా బావా అని అడిగితే, ఆ పాత సోది ఇప్పుడెందుకంటాడు.

మణికట్టు మీద బొబ్బ మాత్రం అలాగే ఉంది. చితకలేదు, మానలేదు. నొక్కి చూశాను. నొప్పి లేదంది.

నేను వాళ్లింట్లోనే ఉండిపోయాను. ఏ పనిలో ఉన్నా పిలుస్తుంటాను. "అక్కా?" అంటే "ఆఁ" అంటుంది. ఎప్పుడు పిలిచినా, ఎంత మెల్లగా పిలిచినా, వెంటనే అంటుంది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూద్దామంటే ధైర్యం చాలడం లేదు.

ఇందాక మిషన్ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మొహం బాగా దగ్గరికి పెట్టింది. దారం కొస ముక్కు కిందే వేలాడుతోంది. చాలాసేపు చూశాను.

అది కదల్లేదు.